ఎప్పటి నుంచి ఎప్పటి వరకు?

చిన్నా, అమ్మలూ, ఆశీస్సులు.

సెన్సెక్స్ 700 పాయింట్లు పడిందంటే అది ఎంత పెద్ద దెబ్బ అని మొన్న ఫోన్‌లో అడిగారు. సెన్సెక్స్ 80,000 దగ్గరుంటే 700 అంటే ఒక శాతం కూడా కాదు. అదే 2008 అక్టోబరులోలా 8,000 దగ్గరుంటే దాదాపు 9 శాతం. అందుకే పాయింట్లు వదిలేసి శాతం చూడండి.

సెన్సెక్స్ అంటే బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజ్‌లోని 30 పెద్ద కంపెనీల షేర్ల విలువను ఒక్క అంకెలో చూపే సూచీ. 1978-79 నాటి విలువను 100గా తీసుకున్నారు. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ సూచీ నిఫ్టీ కూడా ఇలాంటిదే, అందులో 50 కంపెనీలు. ప్రమోటర్ల దగ్గర, అంటే కంపెనీని పెట్టి నడిపేవాళ్ల దగ్గర ఉన్నవి పోగా మార్కెట్లో చేతులు మారే షేర్ల విలువ ఏ కంపెనీకి ఎక్కువుంటే, సూచీలో దానికి అంత బరువు.

ఆ 30 పేర్లు మారుతుంటాయి. మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ ఒకప్పుడు అందులో ఉండేది. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు దొంగలెక్కలు ఒప్పుకున్నాక దాన్ని తీసేసి సన్ ఫార్మాను చేర్చారు. సత్యం షేరు పతనం సూచీకీ తగిలింది, కానీ ముప్పైలో ఒకటిగానే. ఉన్నదంతా సత్యంలోనే పెట్టినవాళ్ల బాధ వేరు.

ఇక రాబడి సంగతి. దీని గురించే నాకు బెంగ. 1979లో 100 ఉన్న సెన్సెక్స్ 2025 మార్చి చివరికి 77,400 దాటింది. చక్రవడ్డీ లెక్కన ఏడాదికి సుమారు 15.5 శాతం, కంపెనీలు లాభాల్లోంచి పంచే డివిడెండ్లు కలపకుండానే. ఈ అంకె చూపిస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ 2008 జనవరిలో, 21,000 దగ్గర కొన్నవాళ్ల లెక్క కట్టండి. అదే ఏడాది అక్టోబరులో వాళ్ల డబ్బు సగం కన్నా తక్కువైంది. 2024 జూలైలో 80,000 వచ్చేదాకా ఓపిక పట్టినా ఏడాదికి ఎనిమిదిన్నర శాతం లోపే. సూచీ అదే, మొదలుపెట్టిన రోజే వేరు.

దీర్ఘకాలం ఆగితే నష్టం రాదన్న మాటనూ గుడ్డిగా నమ్మకండి. జపాన్ నిక్కీ సూచీ 1989 డిసెంబరు చివర 38,915 దాకా ఎక్కి పడిపోయింది. మళ్లీ ఆ ఎత్తు దాటింది 2024 ఫిబ్రవరిలో!

నెలనెలా కొంచెం కొంచెం పెట్టమనేది ఇందుకే. అప్పుడు మీ డబ్బంతా ఒకే రోజు ధరకు చిక్కుకోదు. లాభానికి హామీ మాత్రం కాదు.

అమ్మలూ, నీ పీజీ ఫీజు రెండేళ్లలో కట్టాలి కదా, ఆ డబ్బు బ్యాంకు డిపాజిట్‌లోనే ఉండనీ. చిన్నా, నీ జీతంలో పదిహేనేళ్లు ముట్టనవసరం లేనిదే ఇండెక్స్ ఫండ్‌లో, అంటే సూచీలోని కంపెనీల షేర్లే అదే బరువుల్లో కొనే ఫండ్‌లో, సిప్‌గా (నెలనెలా కొంత చొప్పున) పెట్టు. ఎవరైనా వచ్చి ఏడాదికి ఇంత శాతం అంటే, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో అడిగి నాకు రాయండి. అందరం కలిసి లెక్క కడదాం.

మీ తాతయ్య