పిక్సెల్ లైట్లు: అపోహలు - వాస్తవాలు

ఒక్కో బల్బు రంగునూ ప్రోగ్రాంతో విడిగా మార్చగల లైట్లే పిక్సెల్ లైట్లు. వినాయక చవితి దగ్గరపడితే కోనసీమ పందిళ్ల నుంచి నాకు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఒకటే: "తోరణం చివర రంగు మారిపోతోంది, ప్రోగ్రాం సరిచేయండి."

అపోహ: చివర్లో తెలుపు ఎర్రబడితే తప్పు ప్రోగ్రాంది.

వాస్తవం: తప్పు కరెంటుది. 5 వోల్టుల డబ్ల్యూఎస్ 2812బి రకం పిక్సెల్ బల్బు నిండు తెలుపులో దాదాపు 60 మిల్లీఆంపియర్లు లాగుతుంది. 300 బల్బులకు 18 ఆంపియర్లు! స్ట్రిప్‌లోని పలుచని రాగి రేకు అంత భారం మోయలేదు, దారిలోనే వోల్టేజీ పడిపోతుంది. నీలం, ఆకుపచ్చ వెలగడానికి సుమారు 3 వోల్టులు కావాలి, ఎరుపుకు 2 చాలు. అందుకే చివరికి ఎరుపే మిగులుతుంది. రెండు కొసల నుంచీ పవర్ ఇవ్వండి. ప్రోగ్రాంలోనూ కరెంటుకు పరిమితి పెట్టండి, ఇలాంటి లైట్ల కోసం సిద్ధంగా దొరికే ఫాస్ట్‌లెడ్ కోడ్ లైబ్రరీలో ఆ సదుపాయం ఉంది.

అపోహ: ప్రోగ్రాంలో వెలుగు స్థాయి 0 నుంచి 255 వరకు ఉంటుంది కాబట్టి 128 ఇస్తే కంటికి సగం వెలుగు.

వాస్తవం: నా దృష్టిలో ఎక్కువ నమూనాలు (లైట్లు వెలిగే తీరులు) చెడేది ఇక్కడే. 128 దగ్గర బల్బు సగం వెలుగే ఇస్తుంది, కానీ మన కంటికి అది చాలా ఎక్కువగా కనిపిస్తుంది. కంటికి సగమనిపించాలంటే 55 చుట్టుపక్కల ఇవ్వాలి. ఈ సవరణనే గామా అంటారు. అది లేకుండా దీపం మెల్లగా వెలిగి మెల్లగా మలిగే నమూనా రాసి చూడండి: మొదట్లో ఒక్కసారిగా భగ్గుమంటుంది, ఆపైన మార్పే తెలియదు. గామా పట్టిక (ఏ స్థాయికి ఏ అంకె ఇవ్వాలో చూపేది) వేశాక అదే దీపం ఊపిరి తీసుకుంటుంది. ఒక చిక్కు మాత్రం ఉంది. అడుగు స్థాయిల్లో అంకె 1 నుంచి 2కు వెళ్తే వెలుగు రెట్టింపవుతుంది, ఆ మెట్లు చీకట్లో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. కాబట్టి మరీ మసకగా ఉండే నమూనాలను పందిరికి దూరంగానే ఉంచుతాను.

అపోహ: ఒకే తీగ మీద ఎన్ని బల్బులైనా కలపవచ్చు.

వాస్తవం: ఒక్కో బల్బు సమాచారానికి 30 మైక్రోసెకన్లు పడుతుంది. వెయ్యి బల్బులంటే 30 మిల్లీసెకన్లు, అంటే సెకనుకు 33 చిత్రాలే. పరుగెత్తే నమూనా కుదుపుగా కనిపిస్తుంది. నాలుగు తీగలుగా విడదీసి, ఈఎస్‌పీ 32 అనే కంట్రోలర్ చిప్‌తో ఒకేసారి పంపండి.

అపోహ: వేగం తగ్గాలంటే డిలే (ప్రోగ్రాంను కాసేపు ఆపే ఆదేశం) పెంచితే సరి.

వాస్తవం: డిలే నడుస్తున్నంతసేపూ కంట్రోలర్ బటన్ నొక్కినా పట్టించుకోదు. గడిచిన కాలాన్ని మిల్లీసెకన్లలో చెప్పే మిల్లీస్ ఆదేశంతో చూసి, వెలుగు అల ఎక్కడుండాలో లెక్కకట్టండి. అప్పుడు 60 బల్బుల దండలోనైనా 600 బల్బుల తోరణంలోనైనా అల మీరు చెప్పిన వేగంతోనే సాగుతుంది.

అపోహ: సిలికాన్ తొడుగుంటే వానకు భయం లేదు.

వాస్తవం: నీళ్లు దూరేది కత్తిరించిన కొసల్లో, అతుకుల్లో. అంతర్వేది వైపు ఉప్పుగాలికి అక్కడి రాగి త్వరగా పచ్చబడుతుంది. ప్రతి అతుకునూ సీల్ చేశాకే పైకెక్కించండి.