మక్రాస్ అడవిని కమ్మిన పొద ఎక్కడిది?

ఐర్లండ్‌లోని కిల్లార్నీ జాతీయ పార్కులో ఓక్ చెట్ల నీడన రోడోడెండ్రాన్ పొదలను దశాబ్దాలుగా నరుకుతూనే ఉన్నారు. ఆ పని ఎందుకు తెమలడం లేదో తెలియాలంటే సరస్సు ఒడ్డునున్న మక్రాస్ ఎస్టేటు యజమానుల దగ్గర మొదలుపెట్టాలి.

రాగి గనుల ఆదాయం కలిసొచ్చిన హెర్బర్ట్ కుటుంబం 1843 నాటికి అక్కడ 65 గదుల భవనం కట్టించింది. 1861 ఆగస్టులో విక్టోరియా రాణి వచ్చి రెండు రాత్రులు ఉంది. ఆమె కోసం తివాచీలు, తెరలు, తోటల మీద ఏళ్ల ముందునుంచే డబ్బు కుమ్మరించారు. ఆ ఖర్చే కుటుంబాన్ని ముంచిందంటారు గానీ, తర్వాతి దశాబ్దాల్లో ఐర్లండ్ అంతటా కౌలు రాబడి పడిపోయిన సంగతీ మరవకూడదు. ఎస్టేటు చేజారి, 1899లో గిన్నిస్ బీరు వ్యాపార కుటుంబీకుడు లార్డ్ ఆర్డిలాన్ దాన్ని కొన్నాడు. 1911లో కాలిఫోర్నియా బంగారు గనుల యజమాని విలియం బౌర్న్ తీసుకుని కూతురు మాడ్‌కు పెళ్లి కానుకగా ఇచ్చాడు. ఆమె 1929లో చనిపోయింది. 1932లో బౌర్న్ దంపతులు, అల్లుడు ఆర్థర్ విన్సెంట్ కలిసి సుమారు 4,300 హెక్టార్లను దేశానికి రాసిచ్చారు. నేటి కిల్లార్నీ పార్కుకు మూలమైన ఐర్లండ్ తొలి జాతీయ పార్కు అదే.

చాలా గొప్ప దానం. అయితే జమీందారీ కాలపు ముచ్చట్లు కూడా దానితోపాటే వచ్చాయి. పూల అందానికీ, వేటపక్షులకు చాటుగానూ 19వ శతాబ్దంలో ఐర్లండ్ ఎస్టేట్లలో నాటిన పొద ఈ రోడోడెండ్రాన్. ఒక పెద్ద పొద ఏటా లక్షల్లో విత్తనాలు రాలుస్తుంది. ధూళిలాంటి ఆ విత్తనాలు గాలికి ఎగిరి, తడి నాచు మీద ఇట్టే మొలుస్తాయి. ఆకుల్లో విషం ఉండటంతో జింకలు ముట్టవు, ఓక్ మొలకలనే మేస్తాయి. 1860లలో తెచ్చి వదిలిన సికా జింకలు ఆ మేతను మరింత పెంచాయి. పొద చిక్కబడ్డాక నేలకు వెలుతురు అందదు, కొత్త చెట్టు లేవదు.

నరికి వదిలేస్తే మోడు మళ్లీ చిగురిస్తుంది. కాబట్టి నేలకు దగ్గరగా కోసి, కోత ఆరకముందే కలుపుమందు పూయాలి. నేలను తాకిన కొమ్మ వేళ్లు పట్టి ఉంటుంది, దాన్నీ తవ్వి తీయాలి. పీకిన మొలకను వేళ్లు పైకి ఉండేలా తలకిందులుగా పెట్టాలి. నాచు మీద పడేస్తే తిరిగి నాటుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, శుభ్రం చేసిన చోటికి కొన్నేళ్లకోసారి తిరిగి వెళ్లడం. విత్తు నుంచి పువ్వుకు పదేళ్లకు పైనే పడుతుంది, ఆ లోపే కొత్త మొలకలను ఏరేయాలి. 1981 నుంచి స్వచ్ఛంద సేవకులు ఏళ్ల తరబడి శ్రమించి విడిపించిన ఓక్ వనాలు, ఈ తిరుగు సందర్శన తప్పిన చోట మళ్లీ పొదల పాలవుతాయి.