యాంటెన్నా బాగుందని మీటర్ చెప్పదు

హామ్ రేడియోలోకి, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి నడిపే వైర్‌లెస్‌లోకి, కొత్తగా వచ్చినవాళ్లు వైర్‌లెస్ సెట్ తర్వాత కొనే మొదటి పరికరం చాలాసార్లు ఎస్‌డబ్ల్యూఆర్ (స్టాండింగ్ వేవ్ రేషియో) మీటరే, సెట్‌కీ యాంటెన్నాకీ ఎంత కుదిరిందో చూపేది. సెట్‌కీ యాంటెన్నా కేబుల్‌కీ మధ్య దాన్ని తగిలించి, మైకు మీట నొక్కి, ముల్లు ఎక్కడ ఆగిందో చూస్తారు. 1.1 దగ్గర ఆగితే పండగే. 2 దాటితే ఆ రాత్రి నిద్ర ఉండదు. అంత సంబరమూ అక్కర్లేదు, అంత బెంగా అక్కర్లేదు. యాంటెన్నా తీసేసి దాని చోట డమ్మీ లోడ్ అనే 50 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టినా ముల్లు 1 మీదే ఉంటుంది. అక్కడ జరిగేదల్లా రెసిస్టర్ వేడెక్కడమే, మన మాట పక్కవీధి దాటితే గొప్ప.

సెట్ నుంచి బయల్దేరిన తరంగం కేబుల్ వెంట యాంటెన్నా దాకా వెళ్తుంది. మనం వాడే సెట్లూ, వాటి కేబుళ్లూ 50 ఓమ్‌ల ఇంపెడెన్స్‌కి, అంటే మారే కరెంటుకు ఎదురయ్యే అడ్డుకి, తయారైనవి. చివరనున్న యాంటెన్నా కూడా 50 ఓమ్‌లే చూపితే వచ్చిన శక్తినంతా తీసేసుకుంటుంది. లేదంటే, లాకులు మూసిన కాలువలో అల తలుపుకు కొట్టుకుని వెనక్కి మళ్లినట్టు, కొంత శక్తి వచ్చిన దారినే తిరిగొస్తుంది. పోయేదీ వచ్చేదీ ఒకే కేబుల్‌లో కలిస్తే ఒకచోట వోల్టేజి ఎక్కువగానూ మరోచోట తక్కువగానూ నిలబడిపోతుంది. ఆ ఎక్కువను తక్కువతో భాగిస్తే వచ్చేదే స్టాండింగ్ వేవ్ రేషియో. మీటర్ లోపలి డైరెక్షనల్ కప్లర్ పోయే తరంగాన్నీ వచ్చే తరంగాన్నీ విడివిడిగా పట్టుకుని ఆ నిష్పత్తిని మన ముందు పెడుతుంది.

రేషియో 1.5 ఉంటే తిరిగొచ్చేది 4 శాతం. 2 ఉంటే 11 శాతం. 3 ఉంటే 25 శాతం. అవతల వినేవాడి చెవికి ఆ 4 శాతం తేడా తెలిసే మాటే లేదు. 1.5ని 1.1కి దించడానికి ఆదివారమంతా డాబా మీద ఎండలో నిలబడేవాళ్లను చూస్తే జాలేస్తుంది. పైగా తిరిగొచ్చిందంతా వృథా అయినట్టూ కాదు. కేబుల్ మంచిదైతే అందులో చాలాభాగం ఇటువైపు నుంచి మళ్లీ యాంటెన్నా వైపే మళ్లుతుంది. జాగ్రత్త పడాల్సింది సెట్‌లోని చివరి ట్రాన్సిస్టర్ల గురించి. అందుకే ఇప్పటి సెట్లలో చాలావరకు రేషియో 2 దాటేసరికి తమంతట తామే పవర్ తగ్గించుకుంటాయి.

వాడే పద్ధతిలో పెద్ద విద్యేం లేదు. ముందు ఆ ఫ్రీక్వెన్సీలో ఎవరూ మాట్లాడటం లేదని వినాలి, మన కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చిన గుర్తింపు పేరు) చెప్పాలి. పవర్ 5 వాట్లు చాలు. మీటర్ స్విచ్‌ని ఫార్వర్డ్‌లో పెట్టి, మీట నొక్కి, ముల్లు కుడివైపు చివరి గీత మీదికి వచ్చేదాకా క్యాలిబ్రేషన్ నాబ్ తిప్పాలి. తర్వాత స్విచ్‌ని రిఫ్లెక్టెడ్‌లోకి మార్చి అంకె చదవాలి. రెండు ముళ్లు ఒకదాన్నొకటి దాటే రకం మీటరైతే ఈ తిప్పుడు కూడా ఉండదు, ముళ్లు కలిసిన చోట ఉన్న గీతే రేషియో.

ఒక్క ఫ్రీక్వెన్సీలో చూసి వదిలేస్తే మాత్రం ఏమీ తెలియదు. మన దేశంలో హామ్‌లకు ఇచ్చిన 2 మీటర్ల బ్యాండ్ 144 నుంచి 146 మెగాహెర్ట్జ్. ఈ బ్యాండ్‌కి చాలామంది మొదట చేసుకునేది గ్రౌండ్ ప్లేన్ యాంటెన్నా: ఒక సాకెట్, దాని మధ్య పిన్నుకు నిలువుగా టంకం పెట్టిన ఇత్తడి కడ్డీ, సాకెట్ నాలుగు మూలల బొక్కలకు బిగించిన మరో నాలుగు కడ్డీలు. నిలువు కడ్డీ పొడవు పావు తరంగం, అంటే సుమారు 49 సెంటీమీటర్లు. కింది కడ్డీలు చదునుగా ఉంటే ఇంపెడెన్స్ 36 ఓమ్‌ల దగ్గర ఉంటుంది. వాటిని 45 డిగ్రీలు కిందికి వంచితే 50కి దగ్గరపడుతుంది. ఇక్కడ టేపు కంటే చేతులకే ఎక్కువ పని.

ఇప్పుడు 144లో ఒకసారి, 145లో ఒకసారి, 146లో ఒకసారి చదవాలి. కింది చివర తక్కువా పై చివర ఎక్కువా వస్తే యాంటెన్నా పొడవు ఎక్కువైందని అర్థం, కత్తిరించాలి. తిరగబడితే పొట్టిదైందని. కత్తిరించిన ఇత్తడిని మళ్లీ అతికించలేం కాబట్టి, తెలిసినవాళ్లు మొదటే ఒకట్రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉంచుకుంటారు. 145 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక మెగాహెర్ట్జ్ జరగాలంటే నిలువు కడ్డీలో తీయాల్సింది మూడు మిల్లీమీటర్ల చిల్లరే. కటింగ్ ప్లయర్ కన్నా ఆకురాయి నయం. ప్రతిసారీ యాంటెన్నాకు దూరంగా జరిగి చదవాలి, పక్కన నిలబడితే మన ఒళ్లు కూడా యాంటెన్నాలో భాగమైపోతుంది. కేబుల్‌ని చేత్తో పట్టుకుంటేనో జరిపితేనో అంకె మారుతోందంటే కేబుల్ పైతొడుగు మీద కూడా కరెంటు పారుతోందన్నమాట. యాంటెన్నా కిందే కేబుల్‌ని కొన్ని చుట్లు చుట్టి కట్టేస్తే చాలావరకు అదుపులోకి వస్తుంది. ఆ తర్వాతే కత్తిరింపు.

7 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌కి వస్తే కొలతలే మారిపోతాయి. ఇంటి మీద ఎక్కిపెట్టే వైరు డైపోల్ (మధ్యలో కేబుల్ తగిలించి రెండు వైపులా చాచే యాంటెన్నా) పొడవు సుమారు 20 మీటర్లు. అక్కడ 100 కిలోహెర్ట్జ్ జరపాలంటే మొత్తం 28 సెంటీమీటర్లు, అంటే ఒక్కోవైపు 14 తీయాలి. మిల్లీమీటర్ల పట్టింపు పోయి మూరల లెక్క వస్తుంది. కానీ సముద్రాలు దాటించేది ఇలాంటి హెచ్‌ఎఫ్ (3 నుంచి 30 మెగాహెర్ట్జ్) బ్యాండ్లే. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చేనాటికి హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్‌లో హామ్ స్టేషన్ నడుపుతోంది. టెలిఫోన్లు మూగబోయాక అండమాన్ కబుర్లను ప్రధాన భూభాగానికి చేర్చిన దారుల్లో అదొకటి. అలాంటి చోట కావాల్సింది 1.1 అంకె కాదు, అవతలివాళ్లకు మాట అందడం.

మీటర్ మభ్యపెట్టేది కూడా అక్కడే, ముఖ్యంగా కేబుల్ విషయంలో. బజారులో తేలిగ్గా దొరికే సన్నని ఆర్‌జీ-58 కేబుల్ 30 మీటర్లు తీసుకుంటే, 145 మెగాహెర్ట్జ్ దగ్గర అది దాదాపు 6 డెసిబెల్స్, అంటే నాలుగింట మూడు వంతుల శక్తి, మింగేస్తుంది. 20 వాట్లు పంపితే మేడ మీదికి చేరేది 5. ఇప్పుడు పైన యాంటెన్నానే ఊడదీశామనుకుందాం. ఆ 5 వాట్లూ తట్టుకుని వెనక్కి మళ్లుతాయి, దారిలో మళ్లీ నాలుగో వంతై సెట్ దగ్గరికి 1.25 వాట్లుగా వస్తాయి. 20కి 1.25 అంటే పదహారో వంతు. లెక్క కడితే మీటర్ చూపేది 1.67. యాంటెన్నా లేనే లేదు, మీటర్ మాత్రం ‘బాగానే ఉంది’ అంటోంది! వాన నీళ్లు దిగిన పాత కేబుల్‌తో ఇంకా ముచ్చటైన అంకె వస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఎస్‌డబ్ల్యూఆర్ దానంతటదే మెరుగవుతోందంటే సంతోషించకుండా అనుమానపడాలి.

దీనికి తిరగబడిన కథ కేబుల్ టీవీ వాళ్ల ఆర్‌జీ-6ది. అది 75 ఓమ్‌ల కేబుల్ కాబట్టి పనికిరాదని పక్కన పడేస్తారు. డైపోల్ ఇంపెడెన్స్ కూడా 70 ఓమ్‌ల చిల్లరే కాబట్టి, దానికి ఈ కేబుల్ వాడితే మీటర్ చూపేది 1.5 చుట్టూ ఉంటుంది. నష్టం చూస్తే ఆర్‌జీ-58 కంటే చాలా తక్కువ. మీటర్ అంకె వికారంగా ఉన్నా బయటికి పోయే శక్తి ఎక్కువ. అసలు ఇబ్బంది దాని అల్యూమినియం అల్లిక టంకానికి అంటకపోవడం, అందుకే క్రింప్ కనెక్టరే వాడాలి. సెట్ పక్కన పెట్టుకునే ట్యూనర్ పెట్టె సంగతి కూడా తెలిసుండాలి. అది సెట్‌కి 50 ఓమ్‌లు చూపిస్తుంది, ముల్లు 1కి వస్తుంది. ట్యూనర్ అవతల కేబుల్‌లోని స్టాండింగ్ వేవ్స్ ఎప్పట్లాగే ఉంటాయి.

కాబట్టి ఓ పరీక్ష చేసుకోవచ్చు. యాంటెన్నా చివర కేబుల్‌ని విప్పి తెరిచి ఉంచి, కింద నుంచి రేషియో కొలవాలి. సెట్‌తో కాకుండా నానోవీఎన్‌ఏ లాంటి అనలైజర్‌తో చేయాలి, అది తన సొంత చిన్న సిగ్నల్‌తోనే కొలుస్తుంది కాబట్టి ట్రాన్సిస్టర్లకు గండం లేదు. అయితే పొరపాటున కూడా దానిలోకి వైర్‌లెస్ సెట్ నుంచి పవర్ పంపకూడదు. ఇక్కడ అంకె ఎంత పెద్దదైతే కేబుల్ అంత మంచిది. 145 మెగాహెర్ట్జ్‌లో నష్టం తక్కువుండే లావుపాటి ఎల్‌ఎంఆర్-400 కేబుల్ 30 మీటర్లైతే 6 దగ్గర చూపాలి. 2 లోపు వచ్చిందంటే యాంటెన్నాని వదిలేసి ముందు కేబుల్ మార్చాలి.