చలికాలంలో బట్టీ ఎందుకు మొరాయించింది?

చిరంజీవులైన మనవలకు తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. మినియాపొలిస్‌లో మీ ఇంటి గ్యారేజీలో ఉన్న, కుండలు కాల్చే కరెంటు బట్టీ అక్టోబరులో 1222 డిగ్రీల దాకా చక్కగా వెళ్ళిందనీ, ఈ జనవరిలో మాత్రం 1180 దగ్గర నిలిచిపోయి, తెర మీద ఎర్రర్ చూపించి తనంతట తానే ఆగిపోయిందనీ రాశారు. "చలికి బట్టీ కూడా వణుకుతుందా తాతయ్యా?" అని అడిగారు. మంచి ప్రశ్న.

మా పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద స్నానాల నీళ్ళ కోసం రాగి కాగు ఒకటి ఉండేది. సంక్రాంతి రోజుల్లో తెల్లవారకముందే దాని కింద మంట పెట్టడం నా పని. కట్టెలు మండుతున్నంతసేపూ కాగు వేడెక్కుతుంది. అయితే వేడెక్కేకొద్దీ అది చుట్టూ ఉన్న గాలికి మరింత వేడిని వదులుతుంది కూడా. మంట ఇచ్చే వేడీ గాలి లాగేసుకునే వేడీ సమానమైన చోట, మనం ఎంతసేపు కూర్చున్నా నీళ్ళు ఇంకొక్క డిగ్రీ వేడెక్కవు. మీ బట్టీకి 1180 దగ్గర జరిగింది ఇదే. ఇక తేల్చుకోవలసింది ఒక్కటే: గాలి ఎక్కువగా లాగేసుకుంటోందా, పొయ్యిలో కట్టెలు తగ్గాయా?

గాలి సంగతి ముందు చూద్దాం. లోపల 1200 డిగ్రీలు ఉన్నప్పుడు బయట 25 ఉంటే తేడా 1175. బయట మైనస్ 10 ఉంటే తేడా 1210. అంటే మీకు అంత భయంకరంగా కనిపించే చలి బట్టీ నుంచి అదనంగా లాగేది నూటికి మూడు పాళ్ళే. ఇప్పుడు కట్టెల సంగతి, అంటే మీ బట్టీకి అందే కరెంటు సంగతి. చలికాలంలో ఇళ్ళల్లో హీటర్లూ, బట్టలారబెట్టే యంత్రాలూ ఒక్కసారిగా నడిచే సాయంత్రాల్లో 240 ఉండవలసిన వోల్టేజీ 225కు పడిపోయిందనుకోండి. వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక అది నూటికి పన్నెండు పాళ్ళు తగ్గిపోతుంది. దానికి తోడు, బట్టీలో వేడి పుట్టించే తీగచుట్టలు ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిపిన లోహంతో చేసినవి; కాల్చిన ప్రతిసారీ కాస్త కాస్తగా ముసలివై, వాటి నిరోధం, అంటే కరెంటును అడ్డుకునే గుణం, పెరుగుతుంది. నిరోధం పదోవంతు పెరిగితే వేడి ఇంకో తొమ్మిది పాళ్ళు పోతుంది. రెండూ కలిస్తే అయిదింట ఒక వంతు కట్టెలు లేనట్టే. అక్టోబరులో చాలీచాలకుండా నెట్టుకొచ్చిన బట్టీ జనవరిలో చేతులెత్తేసిందన్నమాట. కళ్ళకు ముందుగా కనిపించిందని చలి మీద నేరం మోపకూడదు. మనుషుల విషయంలోనూ ఈ తొందర మంచిది కాదు.

అయితే చలికి నిజంగా లోబడేవి కొన్ని ఉన్నాయి. లోపలి వేడిని కొలిచే థర్మోకపుల్ నిజానికి కొలిచేది తన రెండు కొసల మధ్య తేడాను మాత్రమే; బయటి కొస దగ్గర ఎంత చల్లగా ఉందో బట్టీని నడిపే కంట్రోలర్ తానే చూసి కలుపుకోవాలి. గడ్డకట్టే చలిలో ఆ కంట్రోలర్ తడబడవచ్చు కాబట్టి ముందుగా గ్యారేజీని కాస్త వెచ్చబరచమని నాన్నగారితో చెప్పండి.

రెండోది తేమ. మా ఊరి కుమ్మరి తాత పచ్చి కుండను చెంపకు ఆనించుకుని చూసేవాడు. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే; దాన్ని పక్కన పెట్టేసేవాడు. ముసురు పట్టిన రోజుల్లో ఎవరెంత తొందరపెట్టినా ఆవానికి నిప్పు పెట్టేవాడు కాదు. నేను బడి ఎగ్గొట్టి ఆయన పక్కన కూర్చున్న మధ్యాహ్నాల్లో ఆ ఓపికను కళ్ళారా చూశాను. కానీ మీ గ్యారేజీలో ఎండిన కుండ కూడా చల్లగానే తగులుతుంది. అందుకని కుండలను ఒక రాత్రి ఇంట్లో పెట్టుకుని, తెల్లవారాక చెంపకు ఆనించి చూడండి. కుండ గోడలో చిక్కిన తడి ఆవిరైతే దాదాపు పదహారు వందల రెట్లు ఉబ్బుతుంది. కుండలు పేలేది అందుకే. కనుక బట్టీని 90 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు నిలిపి, ఆ తరువాతే పైకి తీసుకువెళ్ళాలి. కాల్చడం పూర్తయ్యాక మూత తెరవడానికి కూడా తొందరపడకండి. లోపల 50 డిగ్రీలకు దిగేదాకా ఆగండి. ఆ చల్లగాలి ఒక్కసారిగా తగిలితే మంచి పాత్ర కూడా టప్పున చీలుతుంది.

కొలత 1000 డిగ్రీలు దాటాక, నాన్నగారి పక్కన నిలబడి, ముదురు రంగు రక్షణ అద్దాలు పెట్టుకుని, దూరంగానే ఉండి చూపురంధ్రంలోంచి చూడండి. పాత్ర ఏదో, వెనక గోడ ఏదో గుర్తుపట్టలేరు. రెండూ ఒకే వేడిలో ఒకే వెలుగు ఇస్తూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఎందుకో నేను చెప్పగలను గాని, మొదటిసారి చెప్పించుకోకుండా చూడడమే బాగుంటుంది.

దానికన్నా ముందు ఈ ఆదివారం ఒక పని చేయండి. మెయిన్ స్విచ్ ఆపి ఉన్నప్పుడు నాన్నగారు ప్రతి తీగచుట్ట మీదా ఒక చిన్న కాగితపు ముక్క పెట్టాలి. మూత వేసి, కొద్ది నిమిషాలు పూర్తి వేడి మీద నడిపి, మళ్ళీ మెయిన్ ఆపి, తరువాతే మూత తీయాలి. మీరు చేతులు పెట్టకుండా చూడండి. అన్ని ముక్కలూ నల్లబడితే తీగలన్నిటికీ కరెంటు అందుతున్నట్టే. అప్పుడు వాటి నిరోధాన్నీ, సాయంత్రం వోల్టేజీనీ ఎలక్ట్రీషియన్ చేత కొలిపించాలి. ఏదైనా ముక్క తెల్లగానే మిగిలితే ఆ తీగ తెగిందో, దానికి కరెంటు పంపే రిలే పాడైందో చూడాలి. పైనుంచి ఎన్నో చుట్ట మీది ముక్క తెల్లగా ఉందో లెక్కపెట్టి నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య