బిరుదు వేరు, భూమి వేరు: ఇంగ్లండ్ ప్రభు కుటుంబాలపై అపోహలు - వాస్తవాలు

అపోహ: ఎర్ల్ (ఒక ప్రభు బిరుదు ఉన్నవాడు) చనిపోతే బిరుదు, భవనం, పొలాలు అన్నీ పెద్దకొడుకువే.

వాస్తవం: అన్నిటికంటే బలంగా పాతుకుపోయిన అపోహ ఇదే. ఉమ్మడి మద్రాసులోని అవిభాజ్య జమీందారీల్లో గద్దె, ఎస్టేటు కలిసే నడిచాయి కాబట్టి మనవాళ్లు అలా అనుకోవడం సహజం. ఇంగ్లండులో బిరుదు రాజు జారీచేసిన లెటర్స్ పేటెంట్ అనే అధికార పత్రంలో ఏ వరుస రాసి ఉంటే ఆ వరుసలోనే పోతుంది. చాలావాటిలో ఆ వరుస మగసంతతికే పరిమితం. వీలునామా రాసి దాన్ని మార్చడం ఎవరితరమూ కాదు. భూమి మాత్రం వీలునామా, సెటిల్‌మెంట్, ట్రస్టుల మీద నడుస్తుంది.

ససెక్స్‌లోని పెట్‌వర్త్ సంగతి చూడండి. 1837లో మూడో ఎగ్రెమాంట్ ఎర్ల్ పోయాక ఎస్టేటు పెద్దకొడుకు జార్జ్ విండమ్‌కు దక్కింది. కానీ జార్జ్ తల్లిదండ్రుల పెళ్లికి ముందే పుట్టాడు. అందుకని బిరుదు ఎర్ల్ తమ్ముడి కొడుక్కి వెళ్లి, 1845లో అతను మగసంతతి లేకుండా పోవడంతో అంతరించింది. తర్వాత పెళ్లి చేసుకున్నా ముందు పుట్టిన బిడ్డకు ఇంగ్లిష్ బిరుదు రాదు. దత్తత బిడ్డకూ అంతే.

అపోహ: ఆడపిల్లకు బిరుదు రానే రాదు.

వాస్తవం: పత్రంలో రాస్తే వస్తుంది. మౌంట్‌బాటెన్ బిరుదు 1979లో ఆయన పెద్దకూతురు ప్యాట్రీషియాకు వచ్చింది అలాగే. రాజు పార్లమెంటుకు పిలుస్తూ పంపిన రిట్ (ఆదేశం) ద్వారా ఏర్పడిన పాత బారన్ బిరుదులూ కూతుళ్లకు వస్తాయి. అయితే కొడుకులు లేక ఇద్దరు ముగ్గురు కూతుళ్లుంటే హక్కు అందరిదీ సమానం. రాజు ఒకరికి ఇచ్చేదాకా బిరుదు ఎవరికీ చెందకుండా నిలిచిపోతుంది.

అపోహ: డెవన్‌షైర్ డ్యూకు భూములు డెవన్‌లో ఉంటాయి.

వాస్తవం: ఆయన నివాసం చాట్స్‌వర్త్ ఉన్నది డెర్బీషైర్‌లో.

అపోహ: బతికుండగానే కొడుకు పేర రాసేస్తే వారసత్వ పన్ను బెడద తీరినట్టే.

వాస్తవం: రాసిచ్చినవాళ్లు ఆ తర్వాత చట్టం చెప్పిన గడువు దాటేదాకా బతికుండాలి. చాట్స్‌వర్త్ ఆస్తిని పదో డ్యూకు 1946లో బదలాయించారు. అప్పటి గడువు 5 ఏళ్లు. అది నిండడానికి కొన్ని వారాల ముందు, 1950 నవంబరులో ఆయన పోయారు. పన్ను 80 శాతం పడింది. భూములు, కళాఖండాలు అమ్మినా చాలక కుటుంబానికి చెందిన మరో భవనం హార్డ్‌విక్ హాల్‌ను కూడా వదులుకోవలసి వచ్చింది.

ఇప్పుడు మామూలు రేటు 40 శాతం, గడువు 7 ఏళ్లు. ఎక్కువమంది దెబ్బతినేది మరోచోట: భవనం రాసిచ్చి, అద్దె కట్టకుండా అందులోనే కాపురముంటే, ఎన్నేళ్లు గడిచినా దాన్ని ఇచ్చినట్టు లెక్కించరు. మార్కెట్ అద్దె కట్టాలి, కట్టినట్టు రుజువులూ దాచుకోవాలి.

అపోహ: డబ్బిస్తే లార్డ్ కావచ్చు.

వాస్తవం: బిరుదుల అమ్మకం 1925 చట్టం ప్రకారం నేరం. వెబ్‌సైట్లలో చట్టబద్ధంగా అమ్మగలిగేది ‘లార్డ్ ఆఫ్ ది మేనర్’ (పాతకాలపు జాగీరు యజమాని) అన్న పేరు మాత్రమే. దానితో పీరేజీ (ప్రభు హోదా) రాదు. పాస్‌పోర్టులో పేరుకు ముందు లార్డ్ అని వేయించుకోవచ్చని ఎవరైనా చెబితే డబ్బు కట్టకండి.

అపోహ: తండ్రి పోగానే కొడుక్కి అధికారిక గుర్తింపు దానంతటదే వస్తుంది.

వాస్తవం: 2004 నుంచి పీరేజీ రోల్ అనే అధికారిక జాబితాలో పేరెక్కితేనే ప్రభుత్వ పత్రాల్లో ఆ బిరుదు వాడతారు. తన జనన పత్రం, తండ్రి మరణ పత్రం, తల్లిదండ్రుల వివాహ పత్రం చూపాలి. వారసుడు తమ్ముడో దాయాదో అయితే, తనకంటే ముందున్న శాఖలన్నీ అంతరించాయనీ రుజువు చేయాలి. చిక్కు ఎక్కువగా పెళ్లి దగ్గరే వస్తుంది. 1919లో బారన్ అయిన బెంగాలీ సత్యేంద్ర ప్రసన్న సిన్హా 1928లో పోతే, బహుభార్యాత్వానికి వీలున్న హిందూ పద్ధతిలో పెళ్లి జరిగిందన్న అభ్యంతరంతో కొడుకు అరుణ్ కుమార్ హక్కు 1939 దాకా తేలలేదు. దంపతులు బ్రహ్మసమాజంలో చేరి ఏకపత్నీ నియమానికి కట్టుబడ్డారన్న కారణంతో చివరికి ప్రభువుల సభ కమిటీ ఆ హక్కును ఒప్పుకుంది.