నానబెట్టిన రాజ్మాను నేరుగా స్లో కుక్కర్‌లో వేయకండి: వీగన్ చిలీ గురించి అపోహలు, వాస్తవాలు

అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ మ్యాచ్ సూపర్ బౌల్ ఫిబ్రవరి రెండో ఆదివారం. దానికి ముందు వారమంతా నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లకు కేటరింగ్ చేస్తూ, వీకెండ్‌లో వంట క్లాసులు చెబుతూ పన్నెండేళ్లయింది. మొదట్లో మ్యాచ్ అంటే సమోసాలు, మిర్చి బజ్జీలు అడిగేవారు. ఇప్పుడు ఆఫీసువాళ్లను కూడా ఇంటికి పిలుస్తున్నారు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు వీగన్లు (మాంసమే కాదు, పాలు, నెయ్యి కూడా ముట్టనివాళ్లు) ఉంటారు కాబట్టి, "అక్కా, ఇరవై మందికి వీగన్ చిలీ ఎలా చేయాలి?" అని అడుగుతున్నారు (చిలీ అంటే మామూలుగా మాంసం, మిరప పొడితో చిక్కగా వండే టెక్సాస్ వంటకం). ఆ వెంటనే ఏటా వినే మాట ఒకటుంది. "రాజ్మా రాత్రే నానేశాను. పొద్దున అన్నీ కలిపి స్లో కుక్కర్‌లో పడేస్తే సాయంత్రానికి అయిపోతుంది కదా?"

స్లో కుక్కర్‌లో (తక్కువ వేడి మీద గంటల తరబడి వండే కరెంటు కుండలో) అలా చేయకండి. ఇది రాయడానికి కారణం ఆ ఒక్క మాటే. మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: నానితే చాలు, ఎనిమిది గంటలు స్లో కుక్కర్‌లో ఉంటే ఏ గింజైనా ఉడుకుతుంది

పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే లెక్టిన్ ఉంటుంది, అంటే ఒంటికి పడని ఒక రకం ప్రోటీన్. అన్నిటికన్నా ఎర్ర రాజ్మాలో ఎక్కువ. నాలుగైదు పచ్చి గింజలు కడుపులోకి వెళ్లినా చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లో కడుపులో తిప్పడం, వాంతులు, ఆ తర్వాత విరేచనాలు పట్టుకోవచ్చు. నీళ్లు బాగా తెర్లే వేడిలో, అంటే 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఈ లెక్టిన్ నశిస్తుంది. స్లో కుక్కర్‌లో వండిన వంటల్ని కొలిచి చూస్తే లోపలి వేడి చాలాసార్లు 75 డిగ్రీలు కూడా దాటలేదు. 80 డిగ్రీల దగ్గరే ఆగిపోతే లెక్టిన్ పోకపోగా, పచ్చి గింజ కన్నా ఐదు రెట్ల వరకు ఎక్కువ హాని చేయొచ్చని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతోంది. అరకొరగా వేడి చేయడం అసలు చేయకపోవడం కన్నా ప్రమాదమన్న మాట. ఈ ముక్క చెప్పినప్పుడల్లా క్లాసులో ఎవరో ఒకరు "నిజంగానా?" అని మళ్లీ అడుగుతారు.

మనవాళ్లకు ఇది తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఒంగోలులో మా అమ్మ రాజ్మా చేసిందే తక్కువ. మాకు అలసందలు, సెనగలే అలవాటు. ఎప్పుడైనా చేసినా కుక్కర్‌లో ఐదారు విజిల్స్ రావాల్సిందే. ప్రెజర్ కుక్కర్ వేడి 100 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఆ ప్రమాదం మన వంటింట్లో తల ఎత్తలేదు. ఎవరూ హెచ్చరించాల్సిన అవసరం రాలేదు. ఇక్కడికొచ్చి స్లో కుక్కర్ కొన్నాక అదే నమ్మకంతో వండేస్తున్నాం.

నాలుగేళ్ల కిందట మ్యాచ్ హాఫ్‌టైమ్‌లో ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. కొత్తగా పెళ్లయింది, ఇంట్లో అది మొదటి పార్టీ. వెనకాల టీవీ సౌండ్, ఎవరో బాత్రూమ్ తలుపు కొడుతున్న చప్పుడు. "అక్కా, ఆరుగురికి వాంతులు. పుట్టగొడుగులు పాడయ్యాయేమో" అన్నాడు. గొంతు వణుకుతోంది. రాజ్మా ఎలా ఉడికించావని అడిగాను. "ఇన్‌స్టంట్ పాట్‌లోనే అక్కా" అన్నాడు. అది కరెంటు ప్రెజర్ కుక్కర్, స్లో కుక్కర్‌లా కూడా పనిచేస్తుంది. ప్రాణం కుదుటపడింది. మళ్లీ ఎందుకో అనుమానం వచ్చి, ఏ బటన్ నొక్కావని అడిగాను. "స్లో కుక్."

మర్నాడు ఆ చిలీ ఒక డబ్బాలో తెచ్చి చూపించాడు. గింజ తీసి వేళ్ల మధ్య నలిపాను. తొక్క ఊడి వచ్చింది, పైభాగం మెత్తగానే ఉంది, నడిమధ్యలో మాత్రం సుద్దముక్కలా తెల్లగా పలుకు. పక్క గింజ నలిపితే అది పూర్తిగా మెత్తగా ఉంది. అసలు మోసం అక్కడే ఉంది. గింజ మెత్తబడటం వేరు, లెక్టిన్ పోవడం వేరు. ఎనిమిది గంటలు తక్కువ వేడికి కూడా గింజ మెత్తబడొచ్చు. "నలిగింది కదా, ఉడికినట్టే" అన్న మన లెక్క ఇక్కడ పనిచేయదు.

ఆ ఆరుగురూ అర్ధరాత్రిలోపే తేరుకున్నారు. చాలామందికి అంతే, మొదలైన మూడు నాలుగు గంటల్లో తగ్గిపోతుంది. ఇప్పటికే ఇలా వండి తినేసి ఇది చదువుతూ టెన్షన్ పడుతున్నవాళ్లుంటే, ఆరు గంటలు దాటి ఒంట్లో బాగానే ఉంటే ఈ లెక్టిన్ గురించి ఇక భయపడక్కర్లేదు. మిగిలింది మాత్రం పారేయండి. వాంతులవుతుంటే కొంచెం కొంచెంగా నీళ్లు తాగుతూ ఉండండి. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు, గర్భిణులు ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌ని అడగండి. అమెరికాలో పాయిజన్ కంట్రోల్ నంబర్ 1-800-222-1222, ఇరవై నాలుగు గంటలూ పలుకుతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఆ అబ్బాయి భార్య రెండు నెలలు ఎవరినీ ఇంటికి పిలవలేదట. అది వినే నాకు ఎక్కువ బాధేసింది. ఆ అమ్మాయి తప్పేముంది, ఎవరైనా చెబితేగా తెలిసేది.

చేయాల్సింది ఇంతే. కనీసం ఐదు గంటలు, వీలైతే రాత్రంతా నానబెట్టండి. ఆ నీళ్లు పారబోయండి. కొత్త నీళ్లు పోసి పొయ్యి మీద 30 నిమిషాలు తెర్లనివ్వండి. సన్నగా కుతకుతమంటే సరిపోదు, బుడగలు పైకి తన్నుకు రావాలి. లెక్టిన్ పోవడానికి పది నిమిషాలు చాలు గానీ, ప్రతి గింజకీ ఆ వేడి అందాలని ఎఫ్‌డీఏ 30 చెబుతోంది, నేనూ అదే చెబుతాను. ఆ తర్వాత స్లో కుక్కర్‌లో ఎన్ని గంటలు ఉంచుకున్నా మీ ఇష్టం. ప్రెజర్ కుక్కర్ వాడితే ఈ గొడవే లేదు. డెన్వర్ లాంటి ఎత్తైన ఊళ్లలో నీళ్లు 95 డిగ్రీలకే తెర్లుతాయి కాబట్టి అక్కడివాళ్లకు కుక్కరే మేలు. నల్ల బీన్స్‌కీ ఇదే పద్ధతి పాటించండి.

డబ్బా బీన్స్ ముందే ప్రెజర్‌లో ఉడికి వస్తాయి, నేరుగా వేసుకోవచ్చు. "డబ్బాలో వచ్చేవన్నీ కెమికల్సే" అని బెదిరించేవాళ్ల మాట పట్టించుకోకండి. నీళ్లు వంపి, ఒకసారి కడిగితే ఉప్పు కొంత తగ్గుతుంది. ఒక పౌను ఎండు రాజ్మాకి బదులు సుమారు నాలుగు చిన్న డబ్బాలు.

ఇదంతా చదివి "రాజ్మా విషం, తినకండి" అని మాత్రం ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి, దయచేసి. అలాంటి ఫార్వర్డ్ చూసినప్పుడల్లా నాకు విసుగొస్తుంది. సరిగ్గా ఉడికిన రాజ్మా నిక్షేపంలాంటి తిండి. మా ఇంట్లో వారానికోసారి ఉండాల్సిందే.

అపోహ: చిలీ పౌడర్ అంటే మన కారమే

ఇక్కడ షాపులో చిలీ పౌడర్ అని అమ్మేది సాధారణంగా ఎండుమిర్చి, జీలకర్ర, ఒరెగానో, వెల్లుల్లి కలిపిన పొడి. విలియం గెబ్‌హార్ట్ అనే ఆయన 1890లలో మా టెక్సాస్‌లోనే, న్యూ బ్రాన్‌ఫెల్స్‌లో దాన్ని తయారు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. రెసిపీలో మూడు పెద్ద స్పూన్లు అని ఉంటే అది ఈ పొడి లెక్క. అంతే గుంటూరు కారం వేస్తే ఎవరూ తినలేరు. కారం వాడాలనుకుంటే ఒక చిన్న స్పూన్‌తో మొదలుపెట్టండి, జీలకర్ర వేయించి విడిగా కొట్టుకోండి. నేనైతే ఆంచో అనే మెక్సికన్ ఎండు మిరపకాయలు నాలుగు వేడి నీళ్లలో నానేసి రుబ్బుతాను. వాటిలో కారం తక్కువ, ఎండు ద్రాక్షలాంటి కమ్మదనం ఉంటుంది. గరం మసాలా వేస్తే మాత్రం అది చిలీ కాదు, రాజ్మా కూరే.

అపోహ: మాంసం లేకపోతే చిలీ పలచగా పప్పుచారులా ఉంటుంది

పలచగా ఉందంటే తొందరపడ్డారని అర్థం. పుట్టగొడుగులు సన్నగా తరిగి, ముందు నూనె లేకుండా వెడల్పాటి మూకుట్లో నీరంతా ఇగిరి అంచులు ఎర్రబడేదాకా వేయించండి. పౌనుకి పావుగంట పడుతుంది. మీల్ మేకర్ గ్రాన్యూల్స్ వేడి నీళ్లలో నానబెట్టి గట్టిగా పిండి, అదే మూకుట్లో వేయించండి. ఉడికిన రాజ్మాలో పావు వంతు మెదిపి కలపండి. చివర్లో రెండు స్పూన్ల మసా హరీనా నీళ్లలో కలిపి పోయండి. అది సున్నపు నీళ్లలో ఉడికించిన మొక్కజొన్న పిండి, మామూలు మొక్కజొన్న పిండికి ఆ వాసన రాదు. చిక్కదనం, టెక్సాస్ వాసన రెండూ దానితోనే వస్తాయి. ఒక స్పూన్ కోకో, రెండు స్పూన్ల సోయా సాస్ కూడా వేసి చూడండి.

"బీన్స్ వేస్తే అది చిలీనే కాదు" అనే టెక్సాస్ పెద్దలు మీ పార్టీకి కూడా రావచ్చు. 1977లో ఈ రాష్ట్రం అధికారిక వంటకంగా ప్రకటించింది మాంసంతో చేసే చిలీనే, వాళ్ల మాటకు ఆ బలం ఉంది. వాదించకండి, ఒక గిన్నె వేసి ఇవ్వండి.

అపోహ: ఉప్పు వేసి నానబెడితే రాజ్మా ఉడకదు

తారుమారైంది. ఉప్పు నీళ్లలో నానితే తొక్క మెత్తబడుతుంది. గట్టిపరిచేది టమాటా పులుపు. అందుకే రాజ్మా పూర్తిగా ఉడికాకే టమాటా వేయండి.

అపోహ: శాకాహారం అయితే వీగనే

నెయ్యి, పెరుగు, తేనె వీగన్ కాదు. వూస్టర్‌షైర్ సాస్‌లో సాధారణంగా ఆంచోవీ చేపలుంటాయి. కార్న్‌బ్రెడ్ పాకెట్‌లో పాలపొడి ఉందేమో చూడండి. పిలిచి పెట్టేటప్పుడు లేబుల్ చదవడం కనీస మర్యాద.

అపోహ: మిగిలింది రాత్రంతా కుండలోనే ఉండనివ్వొచ్చు

పెద్ద కుండ నడిమధ్య తెల్లారేదాకా గోరువెచ్చగానే ఉంటుంది, బ్యాక్టీరియాకి అదే కావాలి. మ్యాచ్ జరుగుతున్నంతసేపూ స్లో కుక్కర్‌ని 'వార్మ్' మీద ఉంచండి, 60 డిగ్రీలకు తగ్గకూడదు. ఆపేశాక రెండు గంటల్లోపు వెడల్పాటి పల్చటి డబ్బాల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టేయండి. మర్నాడు పొయ్యి మీద పొగలు కక్కేలా మరిగించుకుని తినండి, చల్లటి చిలీని మళ్లీ స్లో కుక్కర్‌లో వేసి వేడి చేయకండి. రెండో రోజు చిలీ మొదటి రోజు కన్నా బాగుంటుంది, అన్నంలోకి కూడా.