ఆ వరండాలో నడిచిందెవరు, నడిపించిందెవరు?

సామాజిక మనస్తత్వ శాస్త్రంలోని ఊహల్ని ప్రయోగాలతో తేల్చగలమా అన్న గొడవ మళ్లీ లేచింది. మిల్‌గ్రామ్ షాకులు, స్టాన్‌ఫర్డ్ జైలు లాంటి పేరుమోసిన ప్రయోగాల్ని వదిలేద్దాం. నా లెక్కన అసలు కథంతా ఒక వరండాలో ఉంది.

1996లో మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ బార్గ్ బృందం న్యూయార్క్ యూనివర్సిటీలో 30 మంది స్టూడెంట్లకు చిందరవందరగా మాటలిచ్చి వాక్యాలు పేర్చమంది. కొందరి కాగితాల్లో ముసలితనం గుర్తొచ్చేలా ముడతలు, బింగో, ఫ్లోరిడా లాంటి మాటలు దూర్చారు (అమెరికాలో రిటైరైనవాళ్లు చాలామంది ఫ్లోరిడా చేరతారు కాబట్టి ఆ మాట వింటే వాళ్లకు ముసలితనం గుర్తొస్తుంది, మనకైతే ఏమీ రాదు). పనయ్యాక వాళ్లు వరండాలో నడుస్తుంటే, పది మీటర్లు కూడా లేని దూరానికి, చాటుగా టైమ్ చూశారు. ముసలితనం మాటలు చూసినవాళ్లకు 8.28 సెకన్లు, మిగతావాళ్లకు 7.30. ఆ ఒక్క సెకను పాఠ్యపుస్తకాలకెక్కింది.

2012లో బ్రస్సెల్స్‌లో స్టెఫాన్ దొయెన్ బృందం 120 మందితో అదే చేసింది, కాకపోతే స్టాప్‌వాచ్ బదులు ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు పెట్టింది. తేడా రాలేదు. అక్కడితో ఆగితే మాది రైటంటే మాది రైటని కొట్టుకునేవాళ్లు, అంతే. వాళ్లు ఆగలేదు. ఈసారి ప్రయోగం నడిపేవాళ్ల మీదే ప్రయోగం చేశారు: సగం మందికి 'ఆ మాటలు చూసినవాళ్లు నెమ్మదిస్తారు' అని, మిగతావాళ్లకు దానికి వ్యతిరేకంగా ముందే నమ్మించారు. నెమ్మదిస్తారని నమ్మినవాళ్ల దగ్గర మాత్రమే నడక నెమ్మదించింది! అంటే ప్రయోగం బాగానే పనిచేసింది, అది కొలిచింది మాత్రం మాటల బలాన్ని కాదు, కొలిచేవాడి నమ్మకాన్ని.

బార్గ్‌కు కోపమొచ్చింది. ఎవరు ఏ గుంపో తన సహాయకులకు తెలియదని వాదించాడు. అదే ఏడాది మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానేమాన్, ఈ ప్రైమింగ్ (ఇలా మాటలతో తెలియకుండానే మనిషిని కదిలించడం) ఫలితాల్ని బాగా నమ్మినవాడే, ఈ రంగానికి రైలు ప్రమాదం లాంటిది ముంచుకొస్తోందని, ఒకరి ప్రయోగాన్ని ఒకరు వరసగా చేసి చూసుకోమని ఆ పరిశోధకులకు లేఖ రాశాడు. 2015లో 100 మనస్తత్వ అధ్యయనాల్ని తిరిగి చేస్తే మూడో వంతు పైచిలుకే నిలబడ్డాయి, సామాజిక విభాగంలో అయితే పావు వంతే.

కాలం, చోటు మారితే ఫలితం మారదా అని పాత ఫలితాల్ని వెనకేసుకొచ్చేవాళ్ల వాదన. మనస్తత్వ శాస్త్రవేత్త కెనెత్ గెర్గెన్ 1973లోనే సామాజిక మనస్తత్వ శాస్త్రం సైన్సు కంటే చరిత్రకు దగ్గరన్నాడు. తీసిపారేసే మాట కాదు. కానీ 2018లో 36 దేశాల్లో 28 ఫలితాల్ని పరీక్షిస్తే సగం నిలబడ్డాయి, పోయినవి దాదాపు అన్నిచోట్లా పోయాయి. అందుకే ఇప్పుడు అడుగుతున్నారు, ఏ చోట పనిచేస్తుందో, ఎక్కడ చెయ్యదో వరండాలోకి మనిషిని పంపకముందే కాగితం మీద పెట్టమని.